సర్వపిండి చేసినామె కూడా కూచోవాలె

పోయిన శ్రావణంలో ఒక ఆదివారం మా ఇంటికి ఇరవై రెండు మంది స్నేహితురాళ్లు వచ్చారు. 1979లో మెట్‌పల్లిలో కలిసి పదో తరగతి పరీక్ష రాసినవాళ్లం. కొందరు ఊళ్లోనే ఉన్నారు. కొందరు కోరుట్ల, జగిత్యాల, ఆర్మూరు నుంచి బస్సుల్లో వచ్చారు. ఒకామె నిజామాబాద్ నుంచి రైలెక్కి వచ్చింది. మేం చదువుకున్న రోజుల్లో మా ఊరికి రైలే లేదు. నిజామాబాద్ నుంచి పెద్దపల్లి దాకా లైను పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. "మనూరి స్టేషన్ల దిగుతుంటె కండ్లల్ల నీళ్లు తిరిగినయే" అంటూ ఆమె గడప దాటింది. ఆ మాటకు జవాబు చెప్పేంత తీరిక కూడా నాకు లేదు. పొయ్యి మీద సర్వ ఉంది.

పిలిచింది నేనే. "పది గంటలకు రాండ్రి. నాష్టా అనుకున్నా, పగటి బువ్వ అనుకున్నా అదే. ఇంట్ల ఏం తినకుండ రాండ్రి" అని అందరికీ ఫోన్ చేశాను. ఏం చేస్తున్నావని అడిగినవాళ్లకు సర్వపిండి అని చెప్పాను. అందరూ సంబరపడ్డారు, ఒక్క కోరుట్ల ఆమె తప్ప. ఆమె కొంచెంసేపు ఏమీ అనకుండా ఉండి, "ఇరువై రెండు మందికా?" అని మెల్లగా అడిగింది. ఆమె సొంతంగా కర్రీ పాయింటు నడుపుతుంది, లెక్క తెలిసిన మనిషి. ఆమె దేనికి భయపడిందో నాకు ఆ ఆదివారం మధ్యాహ్నానికి గానీ తెలియలేదు.

వేడివేడిగా పెట్టాలని తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాను. ఆఖరిది దించేసరికి ఒంటిగంట దాటింది. ముందు గదిలో నవ్వులు, పాటలు, పాత టీచర్ల కబుర్లు, పోయినవాళ్ల తలపులు. గోడ ఇవతల నేను. మధ్యమధ్య పళ్లెం పట్టుకొని వెళ్లి ఒకటి పెట్టి వచ్చేదాన్ని. చేతులు కడుక్కొని బయటికి వచ్చేసరికి నిజామాబాద్ ఆమె రైలుకు టైమైందని వెళ్లిపోయింది. నలభై ఆరేళ్ల తర్వాత కలిసిన మనిషితో నేను మాట్లాడింది "ఇంకొకటి పెట్టనా?" అన్న ఒక్క మాట. ఆ బాధ ఇంకా పోలేదు. ఈ వ్యాసం రాయిస్తున్నది అదే.

సర్వపిండి గురించి తెలియని ఇల్లు మా వైపు లేదు. పక్క జిల్లాలవాళ్ల కోసం చెబుతాను. సర్వ అంటే అడుగు గుండ్రంగా ఉండే లోతు పాత్ర. దాని లోపలి గోడలకు పిండిని పలుచగా అద్ది, మూతపెట్టి, సన్న మంట మీద కాలుస్తాం కనుక సర్వపిండి. మా కరీంనగర్, నిజామాబాద్ ఊళ్లలో సర్వప్ప అనేవాళ్లున్నారు, గిన్నెలో చేస్తాం కనుక గిన్నప్ప అనేవాళ్లూ ఉన్నారు. తపేలాలో చేసేవాళ్లకు అది తపాల చెక్క. ఏ పేరుతో పిలిచినా పేరులో పాత్రే ఉంది. ఇడ్లీకి, దోశకు ఆ భాగ్యం లేదు.

పిండి కలపడం ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు. మా ఇంట్లో పొడి బియ్యప్పిండి. సకినాలకు బియ్యం నానబోసి తడిపిండి పట్టిస్తాం, దీనికి ఆ అవసరం లేదు. దొడ్డు బియ్యం గిర్నికి పంపి కొంచెం గరుకుగా పట్టించాలి. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం వస్తున్నాయి. అన్నానికి అవి చాలా మేలు, పేద ఇంటి కంచంలోకి మంచి బువ్వ వచ్చింది. పిండికి మాత్రం నేను దొడ్డు బియ్యమే వెతికి కొంటాను. కిలో పిండికి గుప్పెడు పచ్చిశనగపప్పు రాత్రే నానబెట్టాలి. పల్లీలు వేయించి కచ్చాపచ్చాగా దంచాలి. నువ్వులకు లెక్క చూసుకోకూడదు, చెయ్యి ఎంత ధారాళంగా ఉంటే అంత రుచి. ఉల్లాకు, కొత్తిమీర, కల్యామాకు సన్నగా తరిగి వేయాలి. ఎల్లిగడ్డ, జీలకర్ర, పచ్చిమిరపకాయ కలిపి నూరిన ముద్ద, ఎర్ర కారం, ఉప్పు, చిటికెడు పసుపు. పసుపు పండే నేల మాది, దాని కోసం దుకాణానికి పోము. ఆనిగెపుకాయ లేతగా దొరికితే తురిమి వేస్తాను. అప్పుడు నీళ్లు సగమే పడతాయి.

గోధుమపిండిలో ఉండే జిగురు బియ్యప్పిండిలో లేదు. చన్నీళ్లతో కలిపితే గోడకు అద్దేటప్పుడు పగుళ్లిస్తుంది. మరిగిన నీళ్లు కొద్దికొద్దిగా పోసి కలిపితే పిండిలో కొంత భాగం అక్కడే ఉడికి జిగురు పుడుతుంది. మా అమ్మకు ఈ కారణం తెలియదు గానీ "సలసల మరిగిన నీళ్లే పొయ్యాలె బిడ్డా, చెయ్యి గాలుతది, అయినా గవే పొయ్యాలె" అనేది. అద్దిన తర్వాత వేలితో ఐదారు చోట్ల తూట్లు పెట్టి, ఒక్కో తూటులో నూనె చుక్కలు వేస్తాం. నూనె అడుగుకు దిగి అక్కడ వేపుతుంది. పైభాగం ఆవిరికి ఉడుకుతుంది. తిరగేసే పని లేదు. అడుగు కరకర, పైన మెత్తన, ఒకే ముక్కలో రెండూ. అంచు సర్వ గోడను వదిలి లోపలికి వంగిందంటే అయిపోయినట్టే.

అసలు చిక్కు రెండో సర్వపిండితో మొదలవుతుంది. సర్వ కాలి ఉంటుంది. ఇంకో ముద్ద అద్దాలంటే వేళ్లు దాని గోడకు తగలాల్సిందే. అందుకని సర్వను బోర్లించి వీపు మీద చెంబెడు నీళ్లు గుమ్మరిస్తాం. సుయ్యిమని ఆవిరి లేస్తుంది. మూడో చెంబుకు గానీ చెయ్యి పట్టదు. మళ్లీ తుడవాలి, నూనె రాయాలి, అద్దాలి, మూతపెట్టాలి. కాలడానికి పావుగంట, చల్లార్చి అద్దడానికి ఐదు నిమిషాలు, వెరసి ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. ఇరవై రెండు మంది, రెండు పొయ్యిలు. లెక్కవేస్తే మూడు గంటల నలభై నిమిషాలు. కోరుట్ల ఆమె ఫోన్లోనే వేసుకున్న లెక్క ఇదే.

పెళ్లి హాళ్లలో పొద్దుటి వరుసలో ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా ఉంటాయి, సర్వపిండి ఉండదు. మన తిండిని మనమే చిన్నచూపు చూస్తున్నామని కొందరు బాధపడతారు. చిన్నచూపు కొంత ఉందేమో గానీ, నాకు కనిపించే పెద్ద కారణం ఈ ఇరవై నిమిషాలే. ఒక ఇడ్లీ పాత్రలో ఒక వాయికి వంద దించవచ్చు. సర్వకు ఒక్కటే. నలుగురున్న ఇంటికి పుట్టిన వంట ఇది. ఆ ఇంట్లో కూడా ఒక మనిషి పొయ్యి దగ్గరే ఉండాలి.

ఆ మనిషి మా ఇంట్లో మా అమ్మ. మా అమ్మ బీడీలు చేసేది. మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల ఆ రోజుల్లో ఏ వాకిట్లో చూసినా ఆడవాళ్ల ఒళ్లో చాట, చాటలో తునికాకు. సర్వపిండి పొయ్యి మీద పెట్టి మూత వేసి, పక్కనే గోడకు ఆనుకొని కూచొని బీడీలు చుట్టేది. ఇంట్లో గడియారం లేదు. పాతిక బీడీలు చుట్టి దారం వేసి కట్ట పక్కన పడేసేసరికి సర్వపిండి కాలేది. లేచి దించి, మాకు పెట్టి, సర్వ మీద నీళ్లు పోసి, ఇంకోటి అద్ది, మళ్లీ చాట ఒళ్లోకి. ఆమె వేళ్లకు ఎప్పుడూ రెండు వాసనలు, తునికాకుది, ఎల్లిగడ్డది.

ఐదుగురు పిల్లలం. బాపుతో ఆరుగురం. మా ఆరుగురివి అయ్యాక ఏడోది అమ్మది. అప్పటికి ముద్దలో పల్లీలు, పప్పు మా వాటాల్లోకి వచ్చేసేవి. పళ్లానికి అంటుకున్న పిండిని నీళ్లతో కడిగి గీకి, ఇంత పొడిపిండి చల్లి కలిపి చేసుకునేది. అందులో నువ్వు గింజ వెతికినా దొరకదు. ఉప్పూ కారం పలచబడి ఉండేవి. అదీ సగం తిని, "నాకు సాలు తియ్యి" అని మిగతా సగం ఎవరు ముందు చెయ్యి చాపితే వాళ్లకు ఇచ్చేది. నేను చాలాసార్లు చాపాను. ఇప్పుడు ఎనభై రెండేళ్ల అమ్మను చూస్తుంటే ఆ సగం ముక్కలే గుర్తొస్తాయి.

అందుకే చెబుతున్నాను, పదిమందిని పిలిచిన పొద్దున సర్వపిండే పెట్టండి. ఇడ్లీ వరుసకు మనవాళ్లు అలవాటుపడ్డారు, సర్వపిండి కనిపిస్తే పరుగెత్తి వస్తారు. కానీ చేసినామె కూడా వాళ్లతో కూచొని వేడిగా తినేటట్టు చేయండి. అలా కుదరాలంటే సర్వను పక్కన పెట్టి పళ్లెం పట్టినా తప్పు లేదంటాను. మగవాళ్ల చేతులు పిండిలో పడాలంటాను. రెండిట్లో మొదటిదానికి మా ఇంట్లోనే గొడవైంది.

పళ్లెం ఆలోచన వచ్చింది మా మేనకోడలి వల్ల. ఆ పిల్ల టెక్సాస్‌లో ఉంటుంది. ఒక ఆదివారం వీడియో కాల్ చేస్తే ఇంటి నిండా జనం. తెలుగువాళ్లు, అమెరికావాళ్లు, పక్కింటి మెక్సికో కుటుంబం. అక్కడ పొద్దుటి నాష్టాను, మధ్యాహ్నం బువ్వను ఒక్కటిగా కలిపి పదకొండు గంటల ప్రాంతంలో తింటారు, బ్రంచ్ అంటారు. గై బెరింజర్ అనే ఇంగ్లండ్ రచయిత 1895లో ఒక పత్రికలో ఇట్లాంటి ఆదివారపు తిండి ఉండాలని వ్యాసం రాసి ఆ పేరును అచ్చులోకి తెచ్చాడు. మా వైపు నాటు వేసే ఆడవాళ్లు పొలం గట్టు మీద పది గంటలకు సద్ది విప్పితే అదీ రెండు పూటల తిండే, పేరు పెట్టినవాళ్లు లేరు.

"ఏం వండినవ్ బిడ్డా గింతమందికి?" అని అడిగాను. కెమెరా తిప్పి చూపించింది. లోతు గాజు పళ్లెంలో రొట్టె ముక్కలు, గుడ్లు, పాలు, చీజ్, కూరగాయలు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టిందట. పొద్దున లేచి ఓవెన్‌లో తోసిందట. కాసరోల్ అంటారట. మన దగ్గర ఆ మాటకు చపాతీలు వేడిగా ఉంచే డబ్బా అని అర్థం, అక్కడ పళ్లెంతో సహా కాల్చి వడ్డించే వంట. ఆ వంట కంటే నాకు ఇంకొకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. మా మేనకోడలు సోఫాలో కూచొని ఉంది. ఇంట్లో పదిహేను మంది ఉంటే, వండిన మనిషి చేతిలో చాయ్ కప్పుతో కూచొని నాతో మాట్లాడుతోంది. మా వంశంలో అట్లా కూచున్న ఆడమనిషిని నేను చూడలేదు.

గుడ్లు, చీజ్ మనకెందుకు? పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది, కొత్తదీ కాదు. గుజరాతీవాళ్లు బియ్యం, పప్పులు రుబ్బి పులియబెట్టి, ఆనిగెపుకాయ తురుము కలిపి, పైన నువ్వులు చల్లి, మందంగా కాల్చే హాండ్వో ఇట్లాంటిదే. మన సర్వపిండికి అది దగ్గరి చుట్టం. కోస్తా వైపు మినప్పిండిని మందపాటి గిన్నెలో పోసి, కింద నిప్పు, మూత మీద నిప్పు పెట్టి కాల్చే దిబ్బరొట్టె ఉంది. గోదావరి దాటి ఆదిలాబాద్ మీదుగా మహారాష్ట్రలోకి పోతే తాలిపీఠ్. దానికీ మధ్యలో తూటు పెట్టి నూనె వేస్తారు. పాత్ర, నిప్పు మారుతూ వచ్చాయి, ఎవరి తిండీ చెడిపోలేదు.

మొదటిసారి ఇంట్లో చిన్న ఓవెన్‌లో చేశాను, పాడైంది. రెండు వేళ్ల మందం అద్ది మూత లేకుండా పెట్టాను. నలభై నిమిషాల తర్వాత తీస్తే పైన ఎండాకాలం చెరువు అడుగులా పగుళ్లు, లోపల పచ్చిపిండి. కొరికితే పంటికి అంటుకుంది. ఆ రోజు కిలో పిండి పశువుల తొట్టిలో పోయాల్సి వచ్చింది, ప్రాణం చివుక్కుమంది. తిండి పారేయడం మా ఇంట్లో మహా పాపం.

తర్వాత కూచొని ఆలోచించాను. సర్వ చేసే పనులు రెండు. అడుగున నేరుగా వేడి తగిలించి వేపడం, మూత కింద ఆవిరి పట్టి పైన ఉడికించడం. పళ్లెం ఆ రెండూ చేయాలి. అందుకని రెండోసారి చిటికెన వేలి మందంలో సగమే అద్దాను. పళ్లాన్ని ముందు గ్యాస్ పొయ్యి మీద నాలుగు నిమిషాలు అటూ ఇటూ జరుపుతూ అడుగు పట్టించాను. అప్పుడు ఓవెన్‌లో రెండు వందల డిగ్రీల్లో పెట్టి, పైన ఇంకో పళ్లెం బోర్లించాను. పావుగంటకు ఆ మూత తీసేసి ఇంకో పావుగంట ఉంచాను. అంచు పళ్లాన్ని వదిలింది. కత్తితో కోస్తే చప్పుడు వినబడింది. ఆ చప్పుడు వచ్చిందంటే అడుగు కాలినట్టే.

ఇందులో ఇంకో మేలుంది. పళ్లెం చల్లగా ఉన్నప్పుడే అద్దుతాం కాబట్టి వేళ్లు కాలవు. చెంబులతో నీళ్లు పోసే పని లేదు. నాలుగు పళ్లాలు ముందే అద్ది వరుసగా పెట్టుకోవచ్చు. పప్పు రాత్రే నానుతుంది, పల్లీలు రాత్రే దంచుకోవచ్చు, పొడిపిండిలో నువ్వులు, జీలకర్ర, కారం, ఉప్పు రాత్రే కలిపి మూతపెట్టవచ్చు. ఆకులు మాత్రం రాత్రి కలపకూడదు. ఉప్పు తగిలితే అవి నీళ్లు వదిలి పిండి జావవుతుంది. వాటిని తరిగి వేరేగా ఉంచి, తెల్లారి మరిగిన నీళ్లు పోసే ముందు కలపాలి.

మా వదినె ఒప్పుకోలేదు. "గిది సర్వపిండి గాదు. సర్వ లేదు, గుండ్రం లేదు. ముక్కలు కోసి పెడితె కేకు అయితది" అంది. ఆమె మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. సర్వలో చేసినదానికి చుట్టూ అంచు ఉంటుంది, పైకి లేచి పలుచబడి ఎర్రగా వేగిన అంచు. అది అందరికంటే ముందు విరుచుకు తినేది. పళ్లెంలో నడుమ ముక్కలకు ఆ అంచు లేదు. ఆ నష్టం నష్టమే. ఇద్దరు ముగ్గురున్న రోజు నేను ఇప్పటికీ సర్వనే తీస్తాను.

కానీ వదినెకు ఒక్కటే గుర్తు చేశాను. మా అమ్మమ్మ చేసింది ఇత్తడి సర్వలో, కట్టెల పొయ్యి మీద. మా అమ్మ కాలానికి సిల్వర్ గిన్నె వచ్చింది. నేను కాపురానికి వచ్చాక గ్యాస్ వచ్చింది. ఇప్పుడు వదినె చేస్తున్నది అంటుకోని పూత ఉన్న మూకుడులో. ఆమె వంటింట్లో సర్వ అన్నదే లేదు, అయినా దాన్ని సర్వపిండి అనే పిలుస్తోంది, పిలవాలి కూడా. పేరు సర్వది, రుచి మాత్రం గరుకు బియ్యప్పిండిది, నువ్వులది, కాలిన అడుగుది, ఉడికిన పైభాగానిది. ఈ నాలుగూ ఉన్నంతసేపు అది మనదే. బజారులో పొట్లాల్లో అమ్మే రెడీమిక్స్‌కు మాత్రం నేను ఒప్పుకోను. దాంట్లో పిండి మరీ మెత్తన, పల్లీ పొడిగా మారిపోయి పంటికే తగలదు. పని తగ్గించుకోవచ్చు, పల్లీని పోగొట్టుకోకూడదు.

ఇక మగవాళ్ల సంగతి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జనం రోజును ఎట్లా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు అప్పుడు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో ఉన్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. రెంటికీ నడుమ తేడా 202 నిమిషాలు. నేను ఆ ఆదివారం పొయ్యి దగ్గర నిలబడింది దాదాపు అంతసేపే.

మా ప్రాంతానికి ఈ లెక్కలో ఇంకో వింత ఉంది. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు అరుదు. ఆ ఆదివారం వచ్చిన స్నేహితురాళ్లలో ఎనిమిది మంది భర్తలో, కొడుకులో దుబాయిలోనో మస్కట్‌లోనో ఏళ్లకేళ్లు ఉన్నవాళ్లే. వాళ్లక్కడ ఒక్కో గదిలో ఆరేడుగురు ఉంటారు. వంతులు వేసుకొని వండుకుంటారు. పొద్దున నాలుగింటికి లేచి పదిమందికి అన్నం, పప్పు, తొక్కు సర్దిన చేతులవి.

మా చిన్న తమ్ముడు పద్దెనిమిదేళ్లు మస్కట్‌లో ఉండి వచ్చాడు. అక్కడ సర్వ లేక అన్నం వండే గిన్నెలోనే సర్వపిండి చేసుకునేవాళ్లమని వాడే చెప్పాడు. శుక్రవారం సెలవు రోజు వాడి వంతు వస్తే గదివాళ్లంతా సర్వపిండే అడిగేవాళ్లట. విమానం దిగి ఊరికి వచ్చాక ఒక్కనాడూ వంటింట్లోకి రాలేదు. వాడిది సోమరితనం అనను, మనమే రానివ్వలేదు. మొదటిరోజు పిండి కలపడానికి లేస్తే మా అమ్మే "నువ్వు కూకో కొడుకా, ఆడోళ్లం లేమా" అంది. మస్కట్‌లో వండే చేతులు మెట్‌పల్లిలో ఎందుకు ఊరుకోవాలి? ఈ ప్రశ్న నేను మా తమ్ముణ్ని అడిగాను, మా అమ్మనూ అడిగాను. తమ్ముడు వెంటనే "నువ్వు పిలువు అక్కా, నేనొస్త" అన్నాడు. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.

సంక్రాంతి పోయినంక వచ్చిన ఆదివారం మళ్లీ పిలిచాను. ఈసారి పద్దెనిమిది మంది. ఇంటి ఓవెన్ చాలదు కనుక ముందురోజే బజారులో ఒక బేకరీకి వెళ్లి అడిగాను. పొద్దున బన్నులు తీసేశాక వాళ్ల ఇటుకల భట్టీ గంటసేపు వేడి పట్టుకొని ఖాళీగా ఉంటుంది. ఆ పిల్లవాడు నా దగ్గర చదువుకున్నవాడే, "తెండి టీచరమ్మా" అన్నాడు. తెల్లవారి ఆరింటికి మా తమ్ముడు పెద్ద గుండిగలో రెండు కిలోల పిండి కలిపాడు. మరిగిన నీళ్లు పోసి గరిటెతో తిప్పి, చల్లటి నీళ్లలో వేళ్లు ముంచుకుంటూ మర్దించాడు. అద్దడం కోరుట్ల ఆమెది. ముందురోజే వచ్చి మా ఇంట్లో పడుకుంది. బేకరీ నుంచి తెచ్చుకున్న నాలుగు ఇనుప పళ్లాలకు నూనె పూసి, మూల నుంచి మూలకు అరచేతి మడిమతో నొక్కుకుంటూ పోయింది. నేను వేలితో తూట్లు పెట్టాను. వదినె పక్కన నిలబడి చూసింది. చివరి పళ్లెం దగ్గర "నూనె ఇంక కొంచెం పొయ్యి, అడుగు గాలాలె" అని తనే సీసా అందుకుంది.

ఎనిమిదిన్నరకు పళ్లాలు భట్టీ నేల మీద, నేరుగా ఇటుకల మీద పెట్టించాను. అడుగు వేగడానికి అంతకంటే మంచి చోటు లేదు. తొమ్మిదిన్నరకు తమ్ముడు, వాడి కొడుకు స్కూటర్ మీద రెండు విడతలుగా తెచ్చారు. వేడి తగ్గకుండా మెట్‌పల్లి ఖాదీ తువ్వాళ్లు చుట్టారు. వాకిట్లోకి రాగానే వేగిన నువ్వుల వాసన ఇల్లంతా పట్టింది. పక్కన గడ్డ పెరుగు, మామిడికాయ తొక్కు, ఉల్లిగడ్డ ముక్కలు. ఇంకేమీ చేయలేదు, ఎవరూ అడగలేదు.

పది గంటలకు నిజామాబాద్ ఆమె వచ్చింది. నా పక్కన చాప మీద కూచుంది. పదో తరగతి పరీక్షల నాడు ఒకే ఇంకు బుడ్డిని ఇద్దరం పంచుకున్న సంగతి తనే ఎత్తింది. భర్త పోయి ఏడేళ్లయిందని, కొడుకు దుబాయిలో ఉన్నాడని, కోడలితో కలిసి మనవలను చూసుకుంటున్నానని చెప్పింది. మధ్యలో నేను లేవలేదు. ఎవరికి కావాలంటే వాళ్లు పళ్లెం దగ్గరికి వెళ్లి కోసుకున్నారు. తమ్ముడు చాయ్ పోశాడు.

మా అమ్మ గోడకు ఆనుకొని పీట మీద కూచుంది. మొదటి పళ్లెం విప్పగానే మూల ముక్క కోసి ఆమెకే పెట్టాను. రెండు పక్కలా అంచు ఉన్న ముక్క. పల్లీలు పైకే కనిపిస్తున్నాయి. చుట్టూ ఇంకా ఎవరూ తినడం మొదలుపెట్టలేదు. ఆమె అందరి వంకా చూసి, "మీరు తినుండ్రి, నాదేముంది" అంది. ఎవరూ ముట్టలేదు. అప్పుడు ఆ కరకర అంచు ఇంత విరిచి, చాలాసేపు నమిలింది. ఆ వేళ్లు ఇప్పటికీ బీడీ చుట్టేటప్పటి లాగే వంగి ఉంటాయి.

"ఎట్లున్నదే అమ్మా?" అన్నాను.

"ఉప్పు జర తక్కువైంది బిడ్డా" అంది. ఇంకో ముక్క విరుచుకుంది.

తమ్ముడు లోపలి నుంచే విన్నాడు. "వచ్చేసారి రెండు కిలోలకు ఇంకో చెంచా ఏస్త" అన్నాడు. వచ్చేసారి కోరుట్లలో, ఉగాది తర్వాత రెండో ఆదివారం. ఇనుప పళ్లాలు నా దగ్గరే ఉన్నాయి, నేనే పట్టుకొని పోవాలి.